పరిశోధక వేతనాల కథ: వాల్తేరు నుంచి కలకత్తాకు

ఎమ్మెస్సీ పరీక్షలు రాసిన విద్యార్థికి ఆ తరువాత వచ్చే నెలలు పరీక్షలకన్నా కష్టంగా గడుస్తాయి. జేఆర్‌ఎఫ్ ఫలితం రావాలి. దరఖాస్తు పెట్టిన సంస్థల నుంచి జవాబు రావాలి. ఈలోగా ఇంట్లో ఉద్యోగం మాట ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉంటారు. ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకైనా, అక్కడి స్మృతి నగర్‌లో ఉండి చదువుకునేవారికైనా, విశాఖపట్నంలో ఉండేవారికైనా ఈ నిరీక్షణలో తేడా ఏమీ ఉండదు.

అసలు పరిశోధన చేసే విద్యార్థికి జీతంలాంటిది ఇవ్వాలన్న ఆలోచన అంత పాతదేమీ కాదు. లండన్‌లో 1851లో ఒక మహా ప్రదర్శన జరిగింది. అందులో మిగిలిన లాభాన్ని చూసుకోవడానికి ఏర్పడిన కమిషన్ 1891లో విజ్ఞానశాస్త్ర పరిశోధనకు స్కాలర్‌షిప్పులు పెట్టింది. బ్రిటిష్ సామ్రాజ్యంలోని దూర దేశాల విద్యార్థులకు కూడా ఇవి అందేవి. న్యూజిలాండ్‌కు వచ్చిన అలాంటి స్కాలర్‌షిప్ ఒకదానికి మొదట ఎంపికైనవాడు మాక్‌లారిన్ అనే రసాయనశాస్త్ర విద్యార్థి. ఆయన దాన్ని వదులుకోవడంతో రెండవ అభ్యర్థికి అవకాశం వచ్చింది. ఆ రెండవ అభ్యర్థి పేరు ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్. కబురు వచ్చేసరికి ఆయన తోటలో బంగాళాదుంపలు తవ్వుతున్నాడని చెబుతారు. 1895లో కేంబ్రిడ్జ్ చేరిన ఆ యువకుడే తరువాత పరమాణువుకు కేంద్రకం ఉందని చూపించాడు. వెయిటింగ్ లిస్టులో ఉన్న మిత్రులు ఈ కథ గుర్తుంచుకోవచ్చు. అయితే మాక్‌లారిన్‌లా వదులుకునేవాడు ప్రతిసారీ దొరకడనుకోండి!

మనవాళ్ల సంగతికి వద్దాం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో చనిపోవడం ఆయనను ఉష్ణమండల వ్యాధుల వైపు తిప్పింది. అమెరికాలోని హార్వర్డ్‌లో ప్రవేశం దొరికింది గానీ దానితోపాటు వేతనం దొరకలేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది, మామగారు కొంత సొమ్ము సమకూర్చారు. ఆ ఆధారంతోనే ఓడ ఎక్కారు. బోస్టన్ చేరాక ఖర్చులకోసం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని కూడా చేశారు. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించిన భాస్వరాన్ని కొలిచే పద్ధతి జీవరసాయనశాస్త్ర ప్రయోగశాలలన్నింటికీ పాకింది. పిహెచ్.డి. వచ్చింది మాత్రం 1930లో.

సుబ్బారావు కథ చాలామందికి తెలిసిందే. దరఖాస్తుల విషయంలో నాకు అంతకన్నా విచిత్రంగా తోచేది సి.ఆర్. రావు కథ. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. ఆయనకు బదిలీ అయినప్పుడల్లా కొడుకు బడి మారేది. గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి చివరకు విశాఖపట్నం చేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ.లో ప్రథమ శ్రేణిలో మొదటి స్థానం వచ్చింది. ఇంకేం, పరిశోధన చేయాలనుకున్నారు. కానీ పరిపాలనాపరమైన కారణాలవల్ల రావలసిన స్కాలర్‌షిప్ రాలేదు. మార్కుల్లో లోటు లేకపోయినా కాగితం దగ్గర పని ఆగింది.

అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. సైన్యంలోని సర్వే విభాగానికి గణితజ్ఞుడు కావాలంటే ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, ఇంటర్‌వ్యూ కోసం కలకత్తా వెళ్లారు. దిగిన హోటల్లో మరో దక్షిణాది యువకుడు పరిచయమయ్యాడు. అతడు బొంబాయిలో ఉద్యోగం చేస్తూ, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకోసం వచ్చినవాడు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన ఆ సంస్థ అప్పటికి ప్రెసిడెన్సీ కాలేజీ గదుల్లోనే నడుస్తోంది. రావు వెళ్లి చూసి వచ్చారు. ఏడాది శిక్షణకు దరఖాస్తు పెట్టారు. ఇంటికి తిరిగివచ్చాక మహలనోబిస్ దగ్గరనుంచి రమ్మని జవాబు వచ్చింది. 1941 జనవరిలో ఆయన మళ్లీ కలకత్తా చేరారు.

సాంఖ్యకశాస్త్రం ఒక శాస్త్రమేనా అని ఆనాడు చాలామందికి అనుమానం. మన దేశంలో ఆ విషయంలో ఎం.ఎ. తరగతులు మొదలైందే 1941లో, కలకత్తా విశ్వవిద్యాలయంలో. రావు అందులో చేరి 1943లో స్వర్ణపతకంతో బయటికి వచ్చారు. వెంటనే అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. పాఠం మధ్యలో ఒక విద్యార్థి లేచి అడిగిన ప్రశ్న ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది.

ఆ ప్రశ్న ఏమిటో అర్థం కావాలంటే ఒక ఉక్కు కడ్డీని ఊహించుకోండి. దాని పొడవును పదిసార్లు కొలిస్తే పది అంకెలూ కొద్దికొద్దిగా తేడాగా వస్తాయి. వాటినుంచి అసలు పొడవును అంచనా కట్టాలి. సగటు తీయవచ్చు, నడిమి అంకెను తీసుకోవచ్చు, ఇంకేదైనా ఉపాయం పన్నవచ్చు. ఏం చేసినా ఆ అంచనాలో కొంత చెదురు ఉంటుంది. ఆ చెదురును ఎంతవరకు తగ్గించగలం? కొలతల సంఖ్య చాలా ఎక్కువైనప్పుడు దీనికి జవాబును ఇంగ్లండులో ఆర్.ఎ. ఫిషర్ చెప్పి ఉన్నాడు. మరి కొలతలు కొన్నే ఉంటేనో? అడిగిన విద్యార్థి, తరువాత ఆర్థికవేత్తగా పేరుపొందిన వి.ఎం. దండేకర్. రావు ఆ రాత్రి కూర్చుని లెక్క చేసి, మరునాడు తరగతిలో జవాబు చెప్పారు. ఒకవైపు మొగ్గు చూపని అంచనా పద్ధతి ఎంత తెలివైనదైనా సరే, దాని చెదురు ఒక హద్దుకంటే కిందికి దిగదు. కొలతల్లో సమాచారం పెరిగేకొద్దీ ఆ హద్దు కిందికి జరుగుతుంది. మామూలు కొలతల్లో చెదురును సగానికి తగ్గించాలంటే రెండింతలు కొలిస్తే చాలదు, నాలుగింతలు కొలవాలి. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ఇది అచ్చయింది. స్వీడన్‌లో క్రామర్ కూడా విడిగా ఇదే కనుక్కున్నందువల్ల దీన్ని క్రామర్-రావు హద్దు అంటారు. అప్పటికి రావుకు పాతికేళ్లు. పిహెచ్.డి. ఇంకా లేదు.

పిహెచ్.డి. వచ్చిన తీరు కూడా తమాషాగానే ఉంటుంది. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలను విశ్లేషించడానికి మనుషులు కావాలని కేంబ్రిడ్జ్ మ్యూజియం మహలనోబిస్‌ను అడిగింది. ఆయన 1946లో రావును పంపారు. పగలు ఎముకల లెక్కలు చూస్తూనే రావు ఫిషర్ దగ్గర పరిశోధక విద్యార్థిగా పేరు నమోదు చేసుకున్నారు. జన్యుశాస్త్ర ప్రయోగశాలలో పనిచేయాలని ఫిషర్ షరతు పెట్టడంతో ఎలుకల పెంపకమూ చేశారు. 1948లో పట్టా వచ్చింది.

ఇక్కడొక చిన్న పక్కదారి. వాల్తేరు కుర్రవాడికి రమ్మని జవాబిచ్చిన మహలనోబిస్సే తరువాత రెండవ పంచవర్ష ప్రణాళికకు గణిత నమూనా తయారుచేశారు. 1956లో మొదలైన ఆ ప్రణాళికలో పెద్దపీట భారీ పరిశ్రమలది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం భిలాయిలో కట్టిన ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరిలో మొదలైంది. భిలాయికి తెలుగువారు వలస వెళ్లిన కథలో కూడా ఆ సాంఖ్యక శాస్త్రజ్ఞుడికి కొంత భాగం ఉందన్నమాట.

ఈలోగా దేశంలో వ్యవస్థ మారింది. 1942లో సీఎస్‌ఐఆర్ ఏర్పడింది. 1980లలో ఫెలోషిప్పులకు జాతీయస్థాయి పరీక్ష వచ్చింది. ధర్మసంస్థ దయమీదనో హోటల్లో పరిచయంమీదనో ఆధారపడే అవసరం చాలావరకు తీరింది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. అయితే ఫలితం వచ్చాక కూడా చేరడానికి ఒక ప్రయోగశాల, ఒక మార్గదర్శి దొరకాలి. మొదటి నెలల సొమ్ము చేతికి అందేదాకా ఇంటివాళ్లను అడగక తప్పదు. ఈ రెండవ నిరీక్షణ గురించి నోటిఫికేషన్‌లో ఉండదు.

1945 నాటి వ్యాసానికిగాను 2023లో రావుకు అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమతి ప్రకటించారు. అప్పుడాయన వయసు 102. ఆ ఏడాది ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశారు.