గని మూతపడినా తొలగని ఆంక్షలు
మన్యంలో తవ్వి వదిలిన భూములపై చట్టాలు ఏమంటున్నాయి?

అరకులోయ: ఖనిజం తవ్వకం ముగిసిన తర్వాత ఆ నేల ఎవరిది? దానిని ఎవరు, ఏ అవసరానికి వినియోగించుకోవాలి? అనంతగిరి మండలంలోని బొర్రా, నిమ్మలపాడు పరిసర గ్రామాల గిరిజనులకు ఇది కేవలం న్యాయశాస్త్ర చర్చ కాదు. కాల్సైట్ గనుల తవ్వకం వారి పంట భూములను, నీటి ఊటలను ఆనుకొని సాగిన వ్యవహారం. బొర్రా గుహలను మలచిన గోస్తనీ నది ఈ కొండల్లోనే పుట్టి, తాటిపూడి జలాశయం మీదుగా భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తోంది. విశాఖ నగరానికి తాగునీరందించే వనరుల్లో తాటిపూడి ఒకటి. కనుక ఎగువన మట్టిగుట్టలు కరిగితే ఆ ప్రభావం దిగువకూ చేరుతుంది.

1/70 చట్టమే పునాది

ఏజెన్సీలో భూమి బదలాయింపును నియంత్రిస్తూ 1959లో నిబంధన వచ్చింది. దానిని 1970లో సవరించగా ‘1/70 చట్టం’గా వాడుకలోకి వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు విక్రయించినా, కౌలుకిచ్చినా, దానం చేసినా చెల్లదు. గిరిజనేతరుని అధీనంలో ఉన్న భూమి గిరిజనుని నుంచే సంక్రమించిందని, కాదని రుజువయ్యేవరకు, చట్టం భావిస్తుంది. ఈ ఆంక్షకు గడువు లేదు. గని ఉన్నప్పుడూ, మూతపడిన తర్వాతా వర్తిస్తుంది.

సమత తీర్పు

బొర్రా ప్రాంతంలో ప్రైవేటు సంస్థలకిచ్చిన గనుల లీజులను సవాలు చేస్తూ ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ న్యాయపోరాటం చేసింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు వెలువరించింది. 1/70లోని ‘వ్యక్తి’ అనే పదం పరిధిలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, గిరిజనేతరులకు ప్రభుత్వమిచ్చే లీజులు సైతం చెల్లవని స్పష్టం చేసింది. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు, గిరిజన సహకార సంఘాలకు మాత్రం అవకాశం కల్పించింది. నికర లాభాల్లో కనీసం 20 శాతాన్ని నీరు, విద్య, వైద్యం, పారిశుద్ధ్యం, రహదారుల కోసం శాశ్వత నిధిగా కేటాయించాలని నిర్దేశించింది. అడవుల పునరుద్ధరణకు, పర్యావరణ రక్షణకు అయ్యే వ్యయం ఈ 20 శాతంలో కలవదని తేల్చి చెప్పింది. అంటే నేలను బాగుచేయడం తవ్వినవారి విడి బాధ్యత.

మూసివేత నిబంధనలు

ప్రధాన ఖనిజాల గనులకు మూసివేత ప్రణాళికను 2003లో తప్పనిసరి చేశారు. పైమట్టిని విడిగా భద్రపరచి, తిరిగి నేలపై పరచాలన్నది అందులోని కీలక సూత్రం. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. తవ్వకం ఆగిన భూముల్లో గడ్డి పెంచి, పశుగ్రాసానికి, జీవజాలానికి అనువుగా పునరుద్ధరించాలన్న షరతును లీజుల్లో చేర్చాలని కేంద్రాన్ని ఆదేశించింది. కాగా 2015 ఫిబ్రవరిలో కాల్సైట్‌ను చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చడంతో దాని నియంత్రణ రాష్ట్ర నిబంధనల పరిధిలోకి వచ్చింది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి.

కలుషిత భూముల చట్టం

రసాయనాలతో కలుషితమైన స్థలాల గుర్తింపు, శుద్ధి కోసం కేంద్రం 2025 జులైలో ప్రత్యేక నిబంధనలను ప్రకటించింది. అనుమానిత స్థలాలపై జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. అయితే గనుల వల్ల కలిగే కాలుష్యాన్ని సాధారణంగా ఈ పరిధి నుంచి మినహాయించారు. అందువల్ల మన్యం గనులకు లీజు షరతులు, గనుల నిబంధనలే ప్రధాన ఆధారం.

అమెరికాలో లవ్ కెనాల్ ఉదంతం దరిమిలా 1980లో ‘సూపర్‌ఫండ్’ చట్టం వచ్చింది. శుద్ధి తర్వాత కూడా ప్రమాదకర పదార్థాలు మిగిలిన చోట బావులు తవ్వరాదని, ఇళ్లు కట్టరాదని ఆంక్షలు విధించి, వాటిని భూమి దస్తావేజుల్లో నమోదు చేసే పద్ధతి అక్కడ ఉంది. అలాంటి స్థలాలను ఐదేళ్లకోసారి సమీక్షిస్తారు.

గ్రామసభలు అడగవలసినవి

ఇక్కడి కాల్సైట్ విషపదార్థం కాదు. లోతైన గుంతలు, జారే మట్టిగుట్టలు, దెబ్బతినే ఊటలే అసలు ముప్పు. కనుక లీజు దశలోనే గ్రామసభ కొన్ని ప్రశ్నలు వేయాలి. పైమట్టిని ఎక్కడ నిల్వచేస్తారు? గుంతలను పూడుస్తారా, కంచె వేస్తారా? ఊటల రక్షణకు ఎవరు పూచీ? పూడ్చిన స్థలంలో కాఫీ, మేత, సాగు దేనికి అనుమతి? జవాబులను తీర్మానంలో రాయించుకోవాలి. పూడ్చిన స్థలాలు గ్రామ పటంలోనూ, రెవెన్యూ దస్త్రాల్లోనూ నమోదైతేనే తర్వాతి తరం వాటిపై తెలియక ఇల్లు కట్టుకోకుండా ఉంటుంది. భూమి బదలాయింపు వివాదాలపై పాడేరులోని గిరిజన సంక్షేమ ప్రత్యేక ఉప కలెక్టరు కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు.