గేమ్ రిమోట్ నుంచి గాల్లోకి: ఎఫ్‌పీవీ డ్రోన్ కథ

ఎఫ్‌పీవీ డ్రోన్ నేర్చుకుందాం అనుకునేవాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న: "ఏ డ్రోన్ కొనాలి?" ఇవాళ ముందు ఆ డ్రోన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. జవాబు ఆ చరిత్రలోనే ఉంది.

ఎఫ్‌పీవీ అంటే ఫస్ట్ పర్సన్ వ్యూ. డ్రోన్ ముందున్న కెమెరా చూసేదంతా మనం పెట్టుకున్న గాగుల్స్‌లో అప్పటికప్పుడే కనిపిస్తుంది. మనమే లోపల కూర్చుని నడుపుతున్నట్టు ఉంటుందన్నమాట.

నాలుగు ఫ్యాన్ల డ్రోన్ దానంతటదే గాల్లో నిలవలేదు. అది ఎటు తిరుగుతోందో సెకనుకు కొన్ని వందలసార్లు కొలిచి, ఒక్కో మోటారు వేగాన్ని సరిచేస్తూ ఉండాలి. కొలిచే పని జైరోది. 2009లో నింటెండో కంపెనీ తన "వీ" గేమ్ రిమోట్‌కు తగిలించే మోషన్ ప్లస్ అనే చిన్న పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. చెయ్యి ఊపుతూ ఆడే ఆటల కోసం అందులో జైరో పెట్టారు. 2010లో అలెగ్జాండర్ డుబ్యూ అనే ఫ్రెంచి హాబీయిస్టు దాన్ని ఆర్డునో బోర్డుకు కలిపి ప్రోగ్రామ్ రాశాడు. దాని పేరు మల్టీవీ. పేరులోనే ఆ గేమ్ ఉంది చూడండి! కోడ్ అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆ వరసలోనే బేస్‌ఫ్లైట్, క్లీన్‌ఫ్లైట్, ఆపైన బీటాఫ్లైట్ వచ్చాయి. ఇవాళ చాలా రేసింగ్ డ్రోన్లలో నడిచేది బీటాఫ్లైటే.

2016 మార్చిలో దుబాయ్‌లో జరిగిన వరల్డ్ డ్రోన్ ప్రీలో 15 ఏళ్ల బ్రిటిష్ కుర్రాడు ల్యూక్ బానిస్టర్ గెలిచాడు. అతని జట్టుకు 2,50,000 డాలర్లు వచ్చాయి.

మరి కష్టం ఎక్కడుంది? ఫొటోలు తీసే డ్రోన్ అయితే స్టిక్కులు వదిలేస్తే జీపీఎస్ సాయంతో ఉన్నచోటే ఆగుతుంది. ఎఫ్‌పీవీలో ఆక్రో మోడ్ అలా కాదు. ఎంత వాలిందో అంత వాలే ఉండి, అటే దూసుకుపోతుంది. నిలబెట్టాల్సింది మన వేళ్లే. అందుకే ముందు కొనాల్సింది డ్రోన్ కాదండీ, రేడియో కంట్రోలర్. దాన్ని కంప్యూటర్‌కు కలిపి లిఫ్టాఫ్, వెలాసిడ్రోన్ లాంటి సిమ్యులేటర్లలో ఆడండి. అక్కడ వందసార్లు కూలినా ఒక్క ఫ్యాన్ కూడా విరగదు.

చెయ్యి కుదిరాక, ఫ్యాన్ల చుట్టూ రక్షణ వలయం ఉన్న చిన్న డ్రోన్ తీసుకోండి. మన దేశంలో 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటని నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా రెడ్ జోన్‌లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. గాగుల్స్ పెట్టుకుంటే చుట్టుపక్కల ఏముందో కనపడదు కాబట్టి, ఆకాశం చూసే మనిషి ఒకరు పక్కన ఉండాలి.

ఇంకో మాట. 2022 తర్వాత ఉక్రెయిన్ యుద్ధంలో ఇలాంటి డ్రోన్లే ఆయుధాలయ్యాయి. కాబట్టి మీ డ్రోన్‌ను ఊళ్లోవాళ్లు అనుమానంగా చూస్తే విసుక్కోకండి. ఎగరేసే ముందే వెళ్లి చెప్పండి, గాగుల్స్ వాళ్ల చేతికిచ్చి చూపించండి. ఒకరు నేర్చుకున్నది పదిమందితో పంచుకోబట్టే ఈ విద్య మనదాకా వచ్చింది.