ఎన్‌క్లెక్స్‌కు సన్నద్ధత: సొంత చదువా, కోచింగా?

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా లైసెన్సు పొందేందుకు ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్షలో ఉత్తీర్ణత తప్పనిసరి. కెనడాలోని చాలా ప్రావిన్సులు 2015 నుంచి ఇదే పరీక్షను అనుసరిస్తున్నాయి. హైదరాబాద్‌లోనూ పరీక్షా కేంద్రం ఉండటంతో తెలుగు రాష్ట్రాల నర్సులకు దూరప్రయాణం తప్పింది గానీ ఖర్చు తప్పలేదు. రిజిస్ట్రేషన్ రుసుము 200 డాలర్లు. అమెరికా వెలుపల రాసేవారికి మరో 150 డాలర్లు. విఫలమైతే కనీసం 45 రోజులు ఆగి, మళ్లీ రుసుము చెల్లించాలి. కోచింగ్ ఖర్చును బేరీజు వేసేటప్పుడు ఈ మొత్తాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇది జ్ఞాపకశక్తికి పెట్టే పరీక్ష కాదు. అభ్యర్థి ఇచ్చే సమాధానాన్ని బట్టి తదుపరి ప్రశ్న క్లిష్టతను కంప్యూటర్ నిర్ణయిస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న కొత్త విధానంలో కనిష్ఠంగా 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు వస్తాయి. వ్యవధి ఐదు గంటలు. ఒక రోగి కథనం ఇచ్చి, లక్షణాలను గుర్తించడం మొదలు చికిత్స ఫలితాన్ని అంచనా వేయడం వరకు వరుసగా ఆరు ప్రశ్నలు అడుగుతారు. అందువల్ల గత అభ్యర్థులు గుర్తుంచుకున్న ప్రశ్నలంటూ కొన్ని చోట్ల అమ్మే కాగితాలతో ఒరిగేదేమీ లేదు. పైగా, ప్రశ్నలను బయటపెట్టడం పరీక్షా నిబంధనల ఉల్లంఘన.

భారతీయ నర్సులకు అసలు చిక్కు వైద్య పరిజ్ఞానంలో కాదు, ఆసుపత్రి సంస్కృతిలో ఎదురవుతుంది. ఇక్కడ రోగి తరఫున తరచుగా కుటుంబమే నిర్ణయిస్తుంది. పక్కనే ఉండే బంధువు సగం సేవలు చేస్తారు. అక్కడ చికిత్సను నిరాకరించే హక్కు రోగిది. ఏ పనిని సహాయకులకు అప్పగించవచ్చో, దేనిని నర్సు స్వయంగా చేయాలో తేల్చుకోవాలి. నలుగురు రోగుల్లో మొదట ఎవరి వద్దకు వెళ్లాలన్న ప్రశ్నకు ఇక్కడి అలవాటు ప్రకారం జవాబిస్తే మార్కు పోవచ్చు. ఈ ఆలోచనా విధానాన్ని మంచి అధ్యాపకుడు త్వరగా పట్టించగలరు. వివరణలతో కూడిన ప్రశ్నల బ్యాంకు సహాయంతో ఓపికగా సాధన చేసేవారు కూడా దానిని అందుకోగలరు.

ఇటీవలే బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, ఇంగ్లీషులో ధారాళంగా చదవగలిగినవారికి ప్రామాణిక పుస్తకం, ప్రశ్నల బ్యాంకు చందా సాధారణంగా సరిపోతాయి. పరీక్షా ప్రణాళికను నిర్వహణ సంస్థే ఉచితంగా అందిస్తోంది. అయితే పదేళ్లుగా డయాలసిస్ విభాగంలోనే పనిచేస్తున్న నర్సుకు ప్రసూతి, శిశు, మానసిక ఆరోగ్య పాఠాలు మరుగున పడి ఉంటాయి. రాత్రి డ్యూటీల మధ్య స్వీయ నియమం పాటించడమూ కష్టమే. అటువంటివారికి కోచింగ్ సమంజసం. నూరు శాతం ఉత్తీర్ణత అనే ప్రకటన ఎంతమంది అభ్యర్థుల లెక్కో, రుసుము వాపసు షరతులు ఏమిటో రాతపూర్వకంగా అడగడం మేలు.

సర్టిఫికెట్ల పరిశీలనకు సాధారణంగా నెలలు పడుతుంది. ఆ వ్యవధిలో సొంతంగా చదివి, నమూనా పరీక్ష రాసి, బలహీనతలు తేలాకనే కోచింగ్‌పై నిర్ణయం తీసుకోవచ్చు. ఒకసారి విఫలమైనవారికి ఏ అంశంలో ప్రమాణానికి దిగువన ఉన్నారో తెలిపే నివేదిక అందుతుంది. దానిని చూడకుండా పూర్తి కోర్సుకు మళ్లీ డబ్బు కట్టడం అనవసరం.