చింతపల్లి ఠాణా, షాంఘై ఠాణా

2022 జులై 4న మా భీమవరంలో 30 అడుగుల అల్లూరి కంచు విగ్రహం ఆవిష్కరించారు. ఆయన పూర్వీకుల ఊరు మోగల్లు మాకు పక్కనే కాబట్టి ఊళ్ళో హడావుడి మామూలుగా లేదు. మన్యం పోరాటం గురించి చాలామంది రాశారు, నేను అవతలి పక్షం గురించి రాస్తా. అల్లూరిని తక్కువ చేస్తున్నానని కోప్పడకండి. నా సందేహం ఒక్కటే, ఆ రోజు ఠాణాలో ఉన్న కానిస్టేబులు ఏం చెయ్యగలిగేవాడు?

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు, 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు. చింతపల్లి మీదికి సుమారు 300 మంది వచ్చారు. అక్కడే 11 తుపాకులు, 1,390 తూటాలు, 14 బాయ్‌నెట్లు పోయాయి. కాస్తో కూస్తో ఎదురు తిరిగింది రాజవొమ్మంగి వాళ్ళే.

తుపాకీ దూరాన్నుంచి పనికొచ్చే వస్తువండీ. మనిషి రెండడుగుల్లోకి వచ్చేశాక, ఎవరి పట్టు గట్టిదైతే ఆయుధం వాళ్ళది. ఇప్పటి పోలీసు శిక్షణల్లో దీనికో పాఠమే ఉంది: ఆయుధమున్న వైపు ఎదుటివాడికి అందకుండా నిలబడటం, చెయ్యి పడితే ఆయుధాన్ని ఒంటికేసి అదిమిపెట్టి, వాడి మణికట్టు మెలిపెట్టి విడిపించుకోవడం. ఒక్కణ్ణి ఆపడానికి పనికొస్తుంది గానీ 300 మందిని కాదనుకోండి.

మన్యంలో ప్రభుత్వం చేసిందల్లా బలగాలు పెంచడం. మలబార్ స్పెషల్ పోలీసుని దించారు, 1924లో అస్సాం రైఫిల్స్‌ని తెచ్చారు.

అదే రోజుల్లో షాంఘైలో కథ వేరు. 1907లో అక్కడి మున్సిపల్ పోలీసులో చేరిన విలియం ఫెయిర్‌బెయిర్న్ అనే ఇంగ్లీషాయన జుజుత్సు, జూడో, చైనా పద్ధతులు నేర్చుకుని, అన్నీ కలిపి డిఫెండూ అని ఓ పద్ధతి తయారుచేసి, 1926లో పుస్తకం కూడా వేశాడు. అయితే అంతకు ఏడాది ముందే, 1925 మే 30న, అక్కడి లౌజా ఠాణా ముందు జనం పోగయ్యారు. లోపలికి చొరబడతారన్న భయంతో ఇన్‌స్పెక్టరు కాల్చమన్నాడు. కాల్చినవాళ్ళలో మన సిక్కు కానిస్టేబుళ్ళూ ఉన్నారు. కనీసం తొమ్మిదిమంది చచ్చిపోయారు. అల్లర్లని అదుపుచేసే ప్రత్యేక దళాన్ని తయారుచెయ్యమని ఫెయిర్‌బెయిర్న్‌కి చెప్పింది ఆ తర్వాతే.

చింతపల్లిలో తుపాకులు పోయాయి, లౌజాలో ప్రాణాలు పోయాయి. లొంగిపోవడానికీ కాల్చెయ్యడానికీ మధ్య ఇంకో దారి తెలియనివాడి చేతికి తుపాకీ ఇస్తే ఈ రెంట్లో ఏదో ఒకటే జరుగుతుందని నాకనిపిస్తుంది. అందుకే ఈ విద్య పోలీసుకి ఎంత అవసరమో, అతని ఎదురుగా నిలబడ్డ మనలాంటివాళ్ళకీ అంతే అవసరం.

1975లో మౌంట్ ఆబూ నుంచి హైదరాబాదుకి వచ్చిన జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్‌లకి ఉత్తచేతులతో పోరాడటం నేర్పుతారు. కానిస్టేబులుకీ శిక్షణలో కొంత చెబుతారు. కానీ చేతివిద్య రోజూ చెయ్యకపోతే నిలవదు కదా. కాలేజీలో రాసిన సీ ప్రోగ్రాములు ఇప్పుడు రాయమంటే మనలో ఎంతమందిమి రాస్తాం?

సంక్రాంతికి మా చుట్టుపక్కల కోడిపందేల బరులు చూసినవాళ్ళకి తెలుసు. వందలమంది జనం, కోళ్ళ కాళ్ళకి కత్తులు, పొద్దుటి నుంచీ తాగినవాళ్ళు. మధ్యలో ఇద్దరు కానిస్టేబుళ్ళు, చేతిలో ఓ లాఠీ. వాళ్ళు ఆఖరిసారి ఆ పట్లు సాధన చేసింది ఎప్పుడో ఎవరైనా అడిగారా?