కోదాడ రోడ్డు మీద సైకిలు

హుజూర్‌నగర్ నుంచి కోదాడ ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. గేర్ల సైకిలైతే గంట పడుతుంది. కోదాడలో హైదరాబాదు–విజయవాడ హైవే తగులుతుంది. అటు కాకుండా మిర్యాలగూడ వైపు తిరిగితే 167 నంబరు జాతీయ రహదారి హాలియా, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల చేరి, మహబూబ్‌నగర్ దాటి కర్ణాటకలోకి పోతుంది. నల్గొండ నుంచి పాలమూరు దాకా అడ్డంగా సాగే ఆ దారికి ఈ కొసన ఉన్న ఊళ్లలో హుజూర్‌నగర్ ఒకటి.

శనాదివారాల్లో హైవే మీద హెల్మెట్లు, బిగుతు జెర్సీలు వేసుకున్న సైకిలిస్టులు కనిపిస్తుంటారు. టీ బంకు దగ్గర ఆగితే వాళ్లకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న: "ఏం సార్, బండి లేదా? ఇంత దూరం సైకిల్ మీద ఎందుకొస్తున్నరు?" సిటీ నుంచి వచ్చినవాళ్లు నవ్వేసి, ఫిట్‌నెస్ అనో సరదా అనో చెప్తారు. అడిగినాయనకు ఆ జవాబు ఆనదు. ఆయనకు తెలిసిన సైకిలు వేరు, దాని దూరాలు వేరు. ఈ రెండు సైకిళ్లకూ మధ్య వందేళ్ల పైబడిన చరిత్ర ఉంది. దానిలో సగమే రాతలోకి ఎక్కింది.

రాతకెక్కిన సగం చాలా బాగుంటుంది. ముందు చక్రం మనిషంత ఎత్తు, వెనకది బుల్లిది, అలాంటి సైకిలు మీద థామస్ స్టీవెన్స్ 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి, 1886లో లాహోరు నుంచి గ్రాండ్ ట్రంక్ రోడ్డు పట్టుకుని కలకత్తాకు పోయాడు. దక్కను వైపు తొంగి కూడా చూడలేదు. 1890ల చివర్లో ఫానీ వర్క్‌మన్, ఆమె భర్త విలియం కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా మన దేశంలో వేల మైళ్లు తొక్కారు. ఒక్కోరోజు నలభై పంక్చర్ల దాకా వేసుకున్నారట. ఎలుకలు తిరిగే గదుల్లో పడుకున్నారు. ఆ ఫానీయే 1912లో సియాచిన్ మీద "మహిళలకు ఓటు" అన్న పత్రిక పట్టుకుని ఫొటో దిగింది. మెచ్చుకోకుండా ఉండలేం. అయితే ఒక వివరం చూడండి. తిండికీ మంచి రోడ్డుకీ ఇబ్బంది లేకుండా ఆ దంపతులు వీలైనంత వరకు రైలు పట్టాల వెంబడే సైకిలు తొక్కారు. వేరే చోటు దొరకనప్పుడు అప్పుడప్పుడు రాత్రిళ్లు స్టేషన్ వెయిటింగ్ రూముల్లో పడుకున్నారు.

కాబట్టి వాళ్ల పుస్తకంలోని హిందూదేశం చాలావరకు రైలు పక్కనున్న హిందూదేశం. నిజాం రైలు 1889లో బెజవాడ చేరింది కానీ వరంగల్, ఖమ్మం, మధిర మీదుగా. హుజూర్‌నగర్ వైపు పట్టాల్లేవు. పట్టాలు లేనిచోట వెయిటింగ్ రూమ్ ఉండదు. అందుకే ప్రపంచ సైకిలు యాత్రల చరిత్రలో మన మెట్ట తాలూకాలు లేవు. ఇక్కడ సైకిలు లేదనుకోవడం పొరపాటు. పుస్తకం రాసే తరహా సైకిలు ఇటు రాలేదు, అంతే.

మనవాళ్లలోనూ ప్రపంచం చుట్టినవాళ్లున్నారు. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ కుర్రాళ్లు బయల్దేరారు. ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురు మాత్రం మొత్తం పూర్తి చేసుకుని 1928 మార్చిలో తిరిగొచ్చారు. దాదాపు 71,000 కిలోమీటర్లు. వాళ్ల పుస్తకానికి నెహ్రూ ముందుమాట రాశాడు. 1926లో కలకత్తా నుంచి బిమల్ ముఖర్జీ వెళ్లి పదేళ్లు దాటాక 1937లో ఇల్లు చేరాడు. బెంగాలీలో పుస్తకం వేశాడు. తెలుగులో ఆ వరసలో పెట్టుకోవడానికి ఎవరున్నారని వెతుక్కుంటాం. వెతికే తీరులోనే చిక్కుంది.

మనం తొలి తెలుగు యాత్రాచరిత్రగా చెప్పుకునే ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. 1830 మే 18న మద్రాసులో బయల్దేరిన ఆయన కృష్ణ దాటి పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరాడు. పల్లకీలో. వెంట బోలెడంత పరివారం. ఎక్కడ నీళ్లు బాగుంటాయో, ఎక్కడ అంగళ్లున్నాయో, ఏ ఊరి దారి రాళ్లమయమో శ్రద్ధగా రాశాడు. ఆ శ్రద్ధకు దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఆ రాళ్లదారి పాదాలకు తగిలింది బోయీలకు. దూరం ఆయనది, బరువు వాళ్లది. పేరు ఆయనది. సైకిలు వచ్చి చేసిన పెద్ద మార్పు ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. మొదటిసారి ఒక మామూలు మనిషి గుర్రం లేకుండా, బోయీలు లేకుండా, టికెట్ కొనకుండా రోజుకు యాభై అరవై మైళ్లు తనను తానే మోసుకుపోగలిగాడు. చెప్పిరాయించుకునే పరివారం లేదు కాబట్టి ఆ ప్రయాణాలు చాలావరకు రాతలోకి ఎక్కలేదు.

కోదాడ రోడ్డు దగ్గరికి వద్దాం. 1948కి ముందు జగ్గయ్యపేటలో సైకిలెక్కి సూర్యాపేటకు పోయేవాడు ఎన్ని సరిహద్దులు దాటాలో తెలుసా? జగ్గయ్యపేట బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లా. కొంతదూరం పోతే కోదాడ, నిజాం రాజ్యం. ఇంకాస్త పోతే మునగాల. చుట్టూ నిజాం నేల, మధ్యలో ద్వీపంలా ఈ పరగణా మాత్రం మళ్లీ బ్రిటిష్ కృష్ణా జిల్లా! అది దాటితే తిరిగి నిజాం. ఒక పూట ప్రయాణంలో మూడు సరిహద్దులు. సర్కారు మారుతుంది, చట్టం మారుతుంది, జేబులో రూపాయి మారుతుంది. అటు కల్దారు, ఇటు హాలీ సిక్కా. మధ్యలో కరోడ్‌గిరి నాకాలు, అంటే నిజాం సుంకం వసూలు చేసే గేట్లు. భాష మాత్రం అంతటా తెలుగే.

ఈ మునగాల ముక్క చిన్నదే కానీ దాని పాత్ర పెద్దది. అక్కడి రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టడానికి పూనుకున్నవాళ్లలో ఉన్నారు. ఆ నిలయం నిజాం ఇలాకాలో తెలుగు చదువుకు ఆసరా అయింది. తర్వాతి కాలంలో, 1946–51 సాయుధ పోరాటం నాటికి, ఈ సరిహద్దుకు ఇంకో రకం ఉపయోగం ఏర్పడింది. హుజూర్‌నగర్ తాలూకా ఆ పోరాటంలో ముఖ్యమైన ప్రాంతం. అక్కడ వేట మొదలైతే ఇవతలి కృష్ణా జిల్లా ఊళ్లలో తలదాచుకోవచ్చు. ఆ సరిహద్దు ఊళ్లలోనే శిబిరాలు లేచాయి.

ఇందులో సైకిలు ఎక్కడుందని అడగొచ్చు. ఎక్కడంటే అక్కడ ఉంది, అందుకే ఎవరూ రాయలేదు. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది కానీ తాలూకా లోపలి పల్లెలకు బస్సు చాలాకాలం కలే. బస్సెక్కితే నాకా దగ్గర ఆపుతారు, ఎవరు ఎక్కారో ఎవరు దిగారో పదిమందికీ తెలుస్తుంది. సైకిలు చప్పుడు చేయదు. చేను గట్టు అడ్డమొస్తే భుజాన వేసుకుని దాటించొచ్చు. కొత్త మనిషి ఊళ్లోకి నడిచొస్తే ఎవరని అడుగుతారు, సైకిలు మీద వస్తే పంతులో ఆరెంపీ డాక్టరో అనుకుంటారు. అప్పటికి ఊరికి ఒకటో రెండో సైకిళ్లు. అవీ ఇంగ్లండు నుంచి దిగిన ర్యాలీ, హెర్క్యులిస్‌లు. పటేలుకు, బడిపంతులుకు, డాక్టరుకు తప్ప లేని వాహనం పార్టీ కార్యకర్త చేతికి రావడమే ఒక సంఘటన. ఆంధ్రమహాసభ, కమ్యూనిస్టు పార్టీ, కాంగ్రెసు, ఎవరి కార్యకర్తలైనా సరే. వాళ్ల జ్ఞాపకాల్లో సైకిలు "ఫలానా ఊరికి సైకిలు మీద పోయాం" అన్న సగం వాక్యంగా మాత్రమే వస్తుంది. ఆ పోవడానికి ఎంతసేపు పట్టిందో, చీకట్లో దారెట్లా తెలిసిందో, తుమ్మముల్లు దిగితే పంక్చరు ఎవరు వేశారో చెప్పకుండానే తర్వాతి వాక్యంలో మీటింగ్ మొదలైపోతుంది.

1948 సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుంచి బయల్దేరిన భారత సైన్యం ఈ రోడ్డునే వచ్చింది. ఉదయానికి కోదాడ, మధ్యాహ్నానికి మునగాల. నాలుగైదు రోజుల్లో నిజాం రాజ్యం ముగిసింది. మునగాల పరగణా మాత్రం ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాకే నల్గొండ జిల్లాలో కలిసింది.

తర్వాత సైకిలు చవకైంది. 1949లో మద్రాసు దగ్గర టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద హుజూర్‌నగర్ వైపు వరి పండింది. కాలువ కట్ట మీద సైకిళ్లు పెరిగాయి. పాల క్యాన్లు, కల్లు కుండలు, వడ్ల బస్తాలు, బట్టల మూటలు, ఫ్లోరైడు ఊళ్లలోనైతే మంచినీళ్ల బిందెలు. క్యారియరుకు రెండువైపులా బరువు సమంగా వేలాడదీసి ఎదురుగాలిలో నిలబడి తొక్కుతూ పోయే మనిషిని ఏ యాత్రాసాహిత్యమూ యాత్రికుడు అనదు. ఏడాదికి ఆయన తొక్కిన దూరం కలిపితే ఆ పార్సీ కుర్రాళ్ల కంటే మరీ వెనకేమీ ఉండడు.

రాజకీయాల్లో ఒక సైకిలును మాత్రం బాగానే గుర్తుపెట్టుకున్నాం. 1952లో రాజ్యసభకు వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవాడు. దాన్ని నిరాడంబరతకు ఉదాహరణగా బడిపిల్లలకు చెప్తాం. నాకైతే అది నిరాడంబరత కంటే అలవాటులా కనిపిస్తుంది. పల్లెల్లో పార్టీ కట్టిన తరానికి సైకిలు పనిముట్టు, ఢిల్లీ వెళ్లినంత మాత్రాన పనిముట్టు మారదు. ముప్ఫై ఏళ్ల తర్వాత సైకిలు గుర్తుతో వచ్చిన పార్టీ ప్రచారం షెవర్లే వ్యాన్ మీద జరిగింది. సైకిలు అప్పటికి బొమ్మగా మారిపోయింది.

ఇంకో సైకిలు కూడా ఉంది, దాన్ని చెప్పకుండా పోలేను. 70లు, 80ల్లో పల్లెల్లో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఊరి నడుమ ఖాళీ జాగాలో గుండ్రంగా తాళ్లు కట్టి, మైకు పెట్టి, ఒకతను రోజుల తరబడి సైకిలు దిగకుండా తొక్కేవాడు. తిండి దాని మీదే, స్నానం దాని మీదే. రాత్రి ట్యూబులైట్లు ఒంటిమీద పగలగొట్టుకోవడం, రికార్డు డాన్సులు. చివరిరోజు చందాలు, బియ్యం, ఎవరైనా పెద్దమనిషి చొక్కాకు గుచ్చే నోటు. వారం రోజుల్లో అతను తొక్కిన మైళ్లు లెక్కేస్తే ఏ మహానగరానికో పోయి రావచ్చు. పోయింది మాత్రం ఎక్కడికీ లేదు. పదిమంది చూస్తే తప్ప కడుపు నిండదు కాబట్టి దూరాన్ని ఊరి మధ్యలోనే చుట్టగా చుట్టి పరిచాడు.

నిజాం తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నప్పుడు పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి వాదన పెట్టుకోలేదు. ఊరూరా అడిగి, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేశాడు. తెలుగులో సైకిలు యాత్రికులు లేరన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ సంచిక గుర్తొస్తుంది. పంక్చర్ షాపు ముసలాయన్ని, రిటైరైన పోస్టుమ్యాన్‌ని, ముప్ఫై ఏళ్లు బట్టలమూటతో తిరిగినాయన్ని ఎవరు కూర్చోబెట్టి అడిగారు? అడగాల్సినవాళ్లు ఏడాదికి కొందరు చొప్పున పోతున్నారు.

ఇప్పుడు హైవే మీద తొక్కేవాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వాళ్లలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి డబ్బు కడితే అన్నీ చూసుకునే టూర్. నీలగిరుల్లో 2008లో మొదలైన టూర్ ఆఫ్ నీలగిరీస్ లాంటివి. రూటు, హోటలు, మెకానిక్ వాళ్లవే. సామాను వ్యాన్‌లో వస్తుంది. వీరాస్వామయ్య పరివారం కాస్త ఆధునికంగా వెనకాల వస్తున్నట్టుంటుంది, కాకపోతే తొక్కేది మనమే. రెండోది బ్రెవే. ఫ్రాన్సులో పుట్టిన పద్ధతి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 నలభై గంటల్లో. కంట్రోల్ పాయింట్లలో తప్ప దారిలో ఎవరి సాయమూ తీసుకోకూడదు. అక్కడక్కడా కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. కరోడ్‌గిరి నాకా కాలంలో ముద్ర భయపెట్టేది, ఇప్పుడు దాన్ని దాచుకుని ఫొటో తీసి పెడుతున్నాం. వీటన్నిటికీ పెద్దన్న 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్, 1200 కిలోమీటర్లు, తొంభై గంటలు.

1200 అన్న అంకె ఇంకోచోటా వస్తుంది. 2020 మే నెలలో పదిహేనేళ్ల బీహారు అమ్మాయి, గాయపడ్డ తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని, గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా దాదాపు అంతే దూరం తొక్కింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. సైక్లింగ్ ఫెడరేషన్ ట్రయల్‌కు రమ్మంది. ఆ అమ్మాయి రేసుకు పోలేదు, ఇంటికి పోయింది.

కోదాడ రోడ్డు మీద అంతకు రెండు నెలల ముందే, మార్చి చివర్లో, సరిహద్దు మళ్లీ మొలిచింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కాగితాల మీదే ఎక్కువగా ఉన్న గీత అది. లాక్‌డౌన్ రాగానే జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో గేటుగా దిగింది. హైదరాబాదు హాస్టళ్లు మూసేస్తే పోలీసుల అనుమతి కాగితాలతో బయల్దేరిన కుర్రాళ్లు, అమ్మాయిలు రాత్రంతా రోడ్డు మీద నిలబడిపోయారు. రెండు వైపులా తెలుగే. ఆ తర్వాతి వారాల్లో దేశంలోని హైవేల మీద వలస కూలీలు వందల కిలోమీటర్లు నడిచారు, కొందరు ఉన్న డబ్బులన్నీ పెట్టి సైకిలు కొనుక్కుని తొక్కారు. వెనక వ్యాన్ లేదు, కార్డు మీద ముద్ర లేదు.

అదే ఏడాది జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, సాహిబాబాద్‌లో డ్యూటీకి వచ్చిన అట్లాస్ కార్మికులకు గేటు మీద నోటీసు కనిపించింది. ముడిసరుకు కొనడానికి కూడా కంపెనీ దగ్గర డబ్బు లేదని అందులో రాసి ఉంది.