బాయి లోపలి బొమ్మ

పోయిన నెల జీతం పడగానే మూడు బొమ్మల పుస్తకాలు ఆర్డరు పెట్టాను. పార్సిలు విప్పుతుంటే మా రూమ్మేటు చూసి "ఇరవై ఎనిమిదేండ్లొచ్చినయ్, ఇంకా కామిక్సేందిరా నీకు" అన్నాడు. వాడికి చెప్పిన జవాబు ఎలాగూ ఎక్కలేదు, అంచేత మీకు చెప్తున్నాను. కాస్త పెద్దదే, టీ తెచ్చుకుని కూర్చోండి :)

మాది బెల్లంపల్లి. హైదరాబాదులో ఈ పేరు చెప్తే సగం మంది "బెల్లం బాగా దొరుకుతుందా?" అని జోకేస్తారు, మిగతావాళ్లకి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఆగే స్టేషన్‌గా తెలుసు. బొగ్గు ఊరు. మా తాతా, మా బాపూ ఇద్దరూ బాయి దిగినవాళ్లే. మా దగ్గర గని అనరు, బాయి అంటారు. డ్యూటీకి పోవడమంటే బాయికి పోవుడే.

మా ఇంట్లో ఒక పాత ఆల్బమ్ ఉంది. తిలక్ స్టేడియంలో ఆగస్టు పదిహేను, బాపు పెళ్లి, క్వార్టరు ముందు స్కూటరు మీద నేను, అన్నీ ఉన్నాయి. తాతా బాపూ కలిసి అరవై ఏళ్లకు పైగా పని చేసిన చోటి ఫొటో మాత్రం ఒక్కటి లేదు. కారణం సింపుల్. భూమి లోపలి గనిలోకి అగ్గిపెట్టె, బీడీకట్ట, ఫోను తీసుకెళ్లకూడదు. మీథేన్ ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు. పైన తడిమి చూసి మరీ పంపుతారు. కంపెనీ క్యాలెండర్ల మీద ఫొటోలుంటాయి కానీ అవి కొత్త మిషన్ల ఫొటోలు. నా స్నేహితులు చాలామంది ఇళ్లల్లోనూ ఇదే సంగతి. ఊరికి ఊరు బతికింది ఎక్కడో, ఆ చోటు ఎలా ఉంటుందో ఆ ఇళ్లల్లో ఆడవాళ్లకీ పిల్లలకీ తెలియదు. ఆడవాళ్లు భూగర్భ గనిలో పని చేయకూడదని 1952 గనుల చట్టంలోనే ఉండేది, 2019లో గానీ సడలించలేదు.

అసలు విషయానికొస్తే, కొన్న వాటిలో మొదటిది ఆర్ట్ స్పీగెల్‌మాన్ 'మౌస్'. కాలేజీలో పీడీఎఫ్‌లో చదివాను (తప్పే, ఇప్పుడు డబ్బులిచ్చి పాపం కడుక్కున్నా). 1986లో ఒక భాగం, 1991లో రెండో భాగం వచ్చాయి, 1992లో పులిట్జర్ ప్రత్యేక బహుమతి ఇచ్చారు. యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. అందరూ ఆ ఎలుకల గురించే మాట్లాడతారు. నా మట్టుకు నాకు ఈసారి పట్టుకున్నది వేరే. తండ్రి వ్లాడెక్ కథ చెబుతూ చెబుతూ, తాము దాక్కున్న చోటు ఎలా ఉండేదో కొడుక్కి మాటల్లో అందడం లేదని బొమ్మ గీసి చూపిస్తాడు. తలుపెక్కడ, బొగ్గు డబ్బా ఎక్కడ, దాని కింద దారి ఎటు అన్నది అడ్డకోత బొమ్మగా పేజీలో వస్తుంది. రెండో భాగంలో చెప్పులు కుట్టే పద్ధతి కూడా అలాగే గీశాడు. బతికి బయటపడ్డవాడి దగ్గర ఉన్నది ఏడుపు కథ మాత్రమే కాదు, ఆ చోటి ప్లాను, పనితనం కూడా అని ఆ పేజీల్లో తెలుస్తుంది.

ఆ పేజీ చూడగానే మా తాత గుర్తొచ్చాడు. నేను ఆరో తరగతిలో ఉండగా వరండా గచ్చు మీద సుద్దముక్కతో బాయి గీశాడొకసారి. ఒక నిలువు గీత డిప్పు, అడ్డగీతలు లెవెళ్లు, మధ్యలో మిగిలిన చదరాలు పిల్లర్లు. బొగ్గు అంతా తవ్వరు, కప్పు ఆగడానికి పిల్లర్లు వదులుతారు. నాకు అప్పుడే కొత్తగా నేర్చుకున్న గ్రాఫ్ పేపరులా అనిపించింది. సర్దార్ కర్రతో కప్పుని కొట్టి చప్పుడు వింటాడనీ, ఖంగుమంటే మంచిదనీ, బోలుగా డబ్‌మంటే అక్కణ్ణుంచి జరగాలనీ చెప్పాడు. నోటితో ఆ రెండు చప్పుళ్లూ చేసి చూపించాడు. మర్నాడు అమ్మ గచ్చు కడిగింది. తాత 2021లో కరోనా రెండో వేవులో పోయాడు. స్పీగెల్‌మాన్ 1972లోనే టేపురికార్డరు పెట్టి తండ్రి మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. నా జేబులో నూట ఇరవై ఎనిమిది జీబీల ఫోను పెట్టుకుని కూడా నేను పది నిమిషాలు రికార్డు చేయలేదు. ఆఫీసులో ఎవడైనా రిజైన్ చేస్తే రెండు వారాలు కేటీ సెషన్లు పెట్టి పీక్కు తింటాం కదా!

చిన్నప్పుడు చదివిన బొమ్మల సంగతి కూడా చెప్పాలి. మా మేనమామ ఇంట్లో పాత చందమామల కట్ట ఉండేది. 1947 జులైలో మొదలైన పత్రిక, కొడవటిగంటి కుటుంబరావు గారు 1980లో పోయేదాకా నడిపిన పత్రిక. వపా, చిత్ర, శంకర్ గార్ల బొమ్మలు. భుజాన శవంతో నడిచే విక్రమార్కుడిని గీసిన శంకర్ గారు 2020లో పోయారని చదివి ఆ రోజు పని చేయబుద్ధి కాలేదు. తర్వాత అమర్ చిత్ర కథలు. 1967లో ఢిల్లీ టీవీ క్విజ్‌లో పిల్లలు గ్రీకు దేవతల గురించి చెప్పగలిగి, రాముడి తల్లి పేరు చెప్పలేకపోయారట. అది చూసి మొదలుపెట్టానని అనంత్ పాయ్ చెప్పేవారు. నాలుగొందల పైచిలుకు పుస్తకాలు వేశారు. తెనాలి రాముడు, కృష్ణదేవరాయలు అందులోనే చదివాను. ఆయన్ని తిట్టే వ్యాసాలు బోలెడున్నాయి, కొన్ని సబబే. కానీ నేను హిస్టరీని ఇష్టంగా చదవడానికి ఆ పుస్తకాలే కారణం కాబట్టి నేను తిట్టలేను. నా గొడవల్లా ఒకటే. నా దగ్గరున్న వాటిలో చరిత్ర అంటే ఒక మనిషి, ఆ మనిషి పేరే పుస్తకం పేరు. ఒక షిఫ్టులో దిగే మూడొందల మంది కథ ఆ ముప్ఫై రెండు పేజీల్లో పట్టదు.

పట్టించినవాడు జో సాకో. 'డేస్ ఆఫ్ డిస్ట్రక్షన్, డేస్ ఆఫ్ రివోల్ట్' 2012లో వచ్చింది. రాత క్రిస్ హెడ్జెస్‌ది, బొమ్మలు సాకోవి. నిజం చెప్పాలంటే హెడ్జెస్ రాత ఉపన్యాసంలా ఉంటుంది, చాలా చోట్ల పేజీలు తిప్పేశాను. కానీ అమెరికాలో వెస్ట్ వర్జీనియా బొగ్గు ఊళ్ల మీద ఉన్న అధ్యాయం దగ్గర బొమ్మల మధ్య ఇరుక్కుపోయాను. ఒక ముసలి కార్మికుడు తన బతుకు చెప్పుకుపోతుంటే సాకో లోపలి పనినీ, ఇళ్లనీ గీస్తూ పోతాడు. ఫొటో లేని కాలాన్ని వినికిడితో గీయడం అన్నమాట. తర్వాత కొండల తలలు పేల్చేసి బొగ్గు తీసిన చోట్లు. ఆ పేజీని బాపుకి వాట్సాప్‌లో పంపాను, ఏమీ రాయకుండా. "ఇది మన దిక్కు ఏ ఓసీపీ?" అని జవాబొచ్చింది.

ఓపెన్‌కాస్టు అంటే మా వైపు బొందలగడ్డ. బెల్లంపల్లి కథ సగం అందులోనే ఉంది. మా ఊళ్లో 1920ల చివర్లో బొగ్గు తవ్వకం మొదలైంది, 1929లో కాజీపేట-బల్లార్షా లైను పూర్తయింది. ఇంక్లైన్ల పేర్లే బస్తీల పేర్లయ్యాయి. ఆ ఇంక్లైన్లు ఒక్కొక్కటే మూతబడ్డా బస్తీలకి ఆ నంబర్లు మిగిలాయి. కంపెనీ కాగితాల్లో 'బెల్లంపల్లి ఏరియా' అని ఒకటుంది, దాని జీఎం ఆఫీసు మాత్రం గోలేటిలో ఉంది. పేరు మాది, ఊరు వాళ్లది :) సింగరేణి మొత్తంలో 1990ల మొదట్లో లక్షా పదివేల మందికి పైగా కార్మికులుండేవాళ్లు, ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. మా క్లాసులో బాయిలో ఉద్యోగం వచ్చినవాడు ఒక్కడు. మిగతావాళ్లం గచ్చిబౌలిలోనో, బెంగుళూరులోనో ఉన్నాం.

అందుకే మూడో పుస్తకం, కేట్ బీటన్ రాసి గీసిన 'డక్స్' (2022), రెండు రాత్రుల్లో అయిపోయింది. 'హార్క్! ఎ వేగ్రెంట్' అని ఇంటర్నెట్లో చరిత్ర మీద జోకుల బొమ్మలు గీసిన అమ్మాయి ఈవిడే. ఊరు కెనడాలో కేప్ బ్రెటన్. అక్కడ ఫ్రెంచివాళ్లు 1720లోనే బొగ్గు తవ్వారు. 1925లో సమ్మె సమయంలో కంపెనీ పోలీసులు విలియం డేవిస్ అనే కార్మికుణ్ణి కాల్చి చంపితే, ఇప్పటికీ జూన్ 11న ఆయన పేరున స్మారక దినం జరుపుకుంటారు. ప్రభుత్వ కంపెనీ చేతిలోని చివరి బాయి 2001లో మూతబడింది. చదువు అప్పు తీర్చడానికి బీటన్ 2005లో దేశం అటు చివర అల్బర్టా నూనె ఇసుక గనులకి పోయి స్టోర్లలో పనిముట్లు ఇచ్చే ఉద్యోగం చేసింది. వందల మంది మగవాళ్ల మధ్య పదీ ఇరవై మంది ఆడవాళ్లు. అక్కడ తనకి జరిగినవి దాచకుండా గీసింది, కొన్ని పేజీలు చదవడం కష్టం. ఆశ్చర్యమేమిటంటే ఆ మగవాళ్లని రాక్షసుల్లా గీయలేదు. వాళ్లలో చాలామంది తన ఊరి బాబాయిల్లాంటి వాళ్లే, ఇల్లు వదిలొచ్చి క్యాంపుల్లో పడి ఉన్నవాళ్లే అని చూపిస్తూనే, చేసిన తప్పుని తప్పుగానే ఉంచింది. 2008లో అక్కడి వ్యర్థాల చెరువులో వాలి పదహారు వందల బాతులు చస్తే ప్రపంచమంతా వార్త అయ్యింది. పుస్తకం పేరు అందులోంచి వచ్చిందే. మనుషుల సంగతి ఎవరడిగారు అని ఆవిడ అనదు, మనకే అనిపిస్తుంది. లోపాలూ ఉన్నాయి. నాలుగొందల పేజీలు దాటిన పుస్తకంలో మొహాలు గుర్తుపట్టడం కష్టం, మధ్యలో సాగుతుంది. అయినా సరే, డంపరు టైరు పక్కన నిలబడ్డ మనిషి బొమ్మ ఒక్కటి చూసి, ఈమె మా ఊరిదే అనుకున్నాను.

మనకి బొగ్గు మీద ఏమీ లేదని కాదు. అల్లం రాజయ్య గారు, తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు రాశారు. పాటలైతే లెక్కలేదు. మాటా పాటా నిండుగా ఉన్నాయి, బొమ్మే లేదు. ఉంటే ఏం గీయాలో నా దగ్గర పెద్ద లిస్టే ఉంది. బొగ్గు కథ మొదలే ఒక కామెడీ థ్రిల్లరు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1883లో చాందా రైలు పథకాన్ని వ్యతిరేకించినందుకు సరోజినీ నాయుడు గారి తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయని హైదరాబాదు నుంచి వెళ్లగొట్టారు. 1886లో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. నిజాం సర్కారు తరఫు మనిషి అబ్దుల్ హక్ ఆ షేర్లు నిజాం సర్కారుకే అంటగట్టి సొమ్ము చేసుకున్నాడని గొడవై, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసింది. ఈయన పదవి ఊడింది. మరుసటి ఏడాది ఇల్లెందులో తవ్వకం మొదలైంది. షేర్ల స్కాము ముందు, బొగ్గు తర్వాత. మన స్టార్టప్పుల వాళ్లు కొత్తగా కనిపెట్టిందేం లేదు.

ఇదంతా కాగితాల్లో ఉంది కాబట్టి ఎప్పుడైనా ఎవరైనా గీయొచ్చు. 1981లో చెప్పకుండా సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోత అన్న చట్టం మీద జరిగిన యాభై ఆరు రోజుల సమ్మె కూడా పేపర్లలో దొరుకుతుంది. దొరకనిది లోపలి సంగతి. 2003 జూన్ 16న గోదావరిఖనిలో ఏడో గనిలోకి నీళ్లు దూసుకొచ్చి పదిహేడు మంది పోయారు. ఆ రోజు గురించి ఎక్కడ వెతికినా బాయి మీద గుమిగూడిన జనం, ఏడుస్తున్న ఆడవాళ్లు, వచ్చిన నాయకుల ఫొటోలే. కింద నీళ్లు ఎటునుంచి ఎటు వచ్చాయి, ఏ లెవెల్లో ఎవరున్నారు, పరుగెత్తడానికి ఏ దారి ఉండింది అన్నది ఒక్క పేజీ అడ్డకోత బొమ్మలో చూపించవచ్చు. పదిహేడు అనే అంకె అప్పుడు మనుషులవుతుంది. ఆ బొమ్మ గీయాలంటే ఆ డిప్పుల్లో నడిచినవాడు పక్కన కూర్చుని, "ఇట్ల కాదు బిడ్డా, ఇది ఇంకింత కిందికి" అని చెప్పాలి. భూగర్భ గనులు తగ్గిపోయి బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తున్న ఈ రోజుల్లో అలా చెప్పగలిగినవాళ్లు అరవై దాటినవాళ్లే. కాంటా చౌరస్తా టీకొట్టు దగ్గర రోజుకొకరు తగ్గుతున్నారని బాపు అంటాడు.

నాకు బొమ్మలు రావు. ఇంజినీరింగు మొదటి సంవత్సరం డ్రాయింగు పేపరు రెండోసారికి గానీ గట్టెక్కలేదు. అయినా పోయిన శనివారం భాగ్యనగర్ ఎక్కి ఇంటికెళ్లి, ఏ3 కాగితాలూ పెన్సిలూ బాపు ముందు పెట్టాను. "మల్ల గిదేం పని" అని నవ్వాడు. ల్యాంపు రూము నుంచి మొదలుపెట్టి మొదటి డిప్పు దాకా బాగానే గీశాడు. ఈలోగా పక్క క్వార్టరు కాక వచ్చాడు, బాపుతో పాటు ఇరవై రెండేళ్లు అదే బాయిలో టింబర్ పని చేసినాయన. కాగితం చూసి, రెండో లెవెలు తప్పు గీసినవు, హాలేజీ రోడ్డు ఇటు కాదు అటు అన్నాడు. కాదంటాడు బాపు. రబ్బరు పెట్టి చెరిపి ఈయన, మళ్లీ చెరిపి ఆయన. రాత్రి పదింటికి అమ్మ తిండికి పిలిచేసరికి కాగితం అక్కడ చిరిగింది. ఫోను మాత్రం మొత్తం రికార్డు చేసింది, మూడు గంటల పదకొండు నిమిషాలు. కాక వెళ్తూ వెళ్తూ, ఆ లెవెల్లో తనతో పని చేసినాయన మందమర్రిలో ఉన్నాడనీ, వచ్చే ఆదివారం బండి మీద తీసుకొస్తాననీ చెప్పాడు. టికెట్టు బుక్ చేశాను, వెయిటింగు లిస్టులో ఉంది.