డామినో ఎలా ఆడాలి? పాయింట్లే పందెం, పైసలు కాదు

సాయంత్రమైతే అరబ్ దేశాల కాఫీ దుకాణాల్లో డామినో బిళ్లల చప్పుడు మామూలే. గల్ఫ్ వెళ్లొచ్చిన మన వాళ్లు చాలామంది చూసే ఉంటారు. నేర్చుకోవడం తేలిక, నలుగురుంటే ఇంకా మజాగా ఉంటుంది.

బిళ్లలు: సెట్‌లో 28 ఉంటాయి. ఒక్కో బిళ్లకు రెండు భాగాలు, ఒక్కో భాగంలో ఖాళీ నుంచి ఆరు చుక్కల దాకా. రెండు వైపులా ఒకే అంకె ఉంటే డబుల్. ఈజిప్టులో ఈ అంకెల్ని యక్, దూ, సే అంటూ ఫార్సీ పేర్లతోనే పిలుస్తారు. ఉర్దూ వచ్చిన వాళ్లకి ఇవి కొత్తేం కాదు.

ఆట: ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ. బిళ్లలు బోర్లా వేసి కలిపి, తలా 7 తీసుకోవాలి. మొదటి ఆట డబుల్ ఆరు ఉన్నవాళ్లది. తర్వాత కుడివైపు వాళ్లు, వరుస చివర ఉన్న అంకెకే అంకె కలిపి బిళ్ల పెట్టాలి. కలిసేది లేకపోతే పాస్. ఇద్దరో ముగ్గురో ఆడితే కూడా తలా 7, మిగిలిన వాటి నుంచి కలిసే బిళ్ల దొరికేదాకా తీసుకోవాలి.

లెక్క: ముందుగా చేయి ఖాళీ చేసినవాళ్ల జోడీ గెలిచినట్టు. ఎదుటి జోడీ దగ్గర మిగిలిన చుక్కలే వాళ్లకు పాయింట్లు. అందరూ పాస్ అయి ఆట మూసుకుపోతే, తక్కువ చుక్కలున్న జోడీ గెలుస్తుంది. ముందు 100 చేరితే గేమ్.

కిటుకు: ప్రతి అంకె 7 బిళ్లల మీదే ఉంటుంది. ఐదున్నవి బల్లపై నాలుగు, మీ చేతిలో మూడు ఉంటే, ఇంకెవరి దగ్గరా ఐదు లేనట్టే. రెండు చివర్లా ఐదే ఉంటే మిగతా ముగ్గురికీ పాస్ తప్పదు. ఎవరు ఏ అంకె దగ్గర పాస్ అన్నారో గుర్తుపెట్టుకోండి. బరువైన డబుల్స్ ముందే వదిలించుకోండి. జోడీకి సైగలు చేయడం మాత్రం మోసమే.

చివరిగా ముఖ్యమైన మాట. "ఊరికే పది రూపాయలు" అని మొదలుపెట్టినా అది జూదమే. ఖురాన్‌లో సూరా మాయిదా 90వ ఆయత్ జూదాన్ని నిషేధించింది. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టం కూడా ఉంది. డబ్బు పోగొట్టుకున్నవాడు ఇంటి ఖర్చులోంచే తెస్తాడు, దోస్తీ కూడా అక్కడే చెడుతుంది. కాగితం మీద పాయింట్లు రాసుకోండి, ఓడిన జోడీ చాయ్ కలిపి తెస్తే సరి. నమాజ్ వేళకి బిళ్లలు డబ్బాలో పెట్టేయండి.